నాలుగో కోరు మీద నేరం

ఆవిడ అసలు పేరు ఫ్యాక్టరీలో హాజరుపట్టీకి తప్ప ఎవరికీ గుర్తులేదు. అందరూ ఒక్కొక్కటమ్మ అనేవారు. ఎవరెంత తొందరపెట్టినా "ఉండండి, ఒక్కొక్కటీ" అనడం ఆవిడ అలవాటు, ఆ మాటే పేరైపోయింది. ఇంట్లో రెండు పొయ్యిల స్టవ్వు ఉన్నా రెండూ ఒకేసారి వెలిగించిన పాపాన పోలేదు. కూర దించాక అదే పొయ్యి మీద టీ పెట్టేది. పక్క పొయ్యి కొన్ననాటి మెరుపుతో అలాగే ఉండేది. "దీనికి మసి అంటే ఏమిటో తెలీదు పాపం" అనేవాడు భర్త, ఇంటికి ఎవరొచ్చినా దాన్ని చూపించి.

ఆయనకి వీధి మలుపులో సెలూను ఉంది. ఆయన తీరే వేరు. కత్తెర ఆడిస్తూనే టీవీ చూస్తాడు, టీవీ చూస్తూనే ఫోను మాట్లాడతాడు, ఫోను మాట్లాడుతూనే వీధిన పోయేవాళ్ళని పలకరిస్తాడు. ఆ జోరులో ఒకసారి పోస్టుమాన్ మీసం సగం ఎగిరిపోయింది. మిగతా సగం కూడా గీసేసి, "చూశారా, పదేళ్ళు తగ్గారు" అని అద్దం చూపించాడు. ఆ తర్వాత నెల్లాళ్ళు వీళ్ళింటి ఉత్తరాలన్నీ పక్కింట్లో పడ్డాయి.

ఆవిడ పని చిప్పులను పరీక్షించడం. కంప్యూటరులో లెక్కలన్నీ చేసే ప్రాసెసర్ చిప్పులు ఆ ఫ్యాక్టరీలో తయారయ్యేవి. అవి బయటికి వెళ్ళేముందు బాగున్నాయో లేదో చూడాలి. "మా ఆవిడ చిప్పుల ఫ్యాక్టరీలో చేస్తుంది" అని భర్త చెబితే వీధిలోవాళ్ళు మొదట కొబ్బరి చిప్పలనుకున్నారు. "వాటితో ఏం చేస్తారండీ?" అని ఎవరైనా అడిగితే, "ఏముంది, నచ్చనివాళ్ళకి ఒకటి చేతికిచ్చి పంపిస్తారు" అనేవాడాయన. ఆవిడ విని కూడా విననట్టు ఉండేది. అప్పుడు చేస్తున్నది చెప్పులు సర్దడం. అది అయ్యాక కదా కోపం తెచ్చుకోవడం.

ఆ ఉద్యోగం వచ్చిన తీరు కూడా వింతే. అప్పుడు ఆవిడకి ఇరవై ఏళ్ళు. పెద్ద హాల్లో ముప్ఫైమంది ఆడపిల్లల్ని వరసగా కూర్చోబెట్టి, ఒక్కొక్కరి ముందు ఆవగింజలంత లోహపు ముక్కలు పోసి, సన్నటి పట్టకారు ఇచ్చారు. పది నిమిషాల్లో రంగుల వారీగా వేరు చేయాలి. సూపర్‌వైజరు చేతిలో స్టాప్‌వాచ్ పట్టుకుని నిలబడ్డాడు. ఆయన్ని అందరూ గడియారం గారు అంటారని తర్వాత తెలిసింది. టైమైపోయాక అందరివీ లెక్కపెట్టారు. మిగతావాళ్ళలో వంద దాటనివాళ్ళు లేరు. ఆవిడవి నలభై ఒకటి.

"నలభై ఒకటేనా?" అన్నాడు గడియారం గారు.

"నలభై రెండోది చేతిలో ఉందండీ. మీరు ఆపమన్నారు."

నిజంగానే పట్టకారు కొసన ఒక ముక్క ఉంది. ఆయన ముందు నవ్వాడు. తర్వాత మిగతావాళ్ళ గిన్నెలు తిరగేసి చూశాడు. ఎర్రవాటిలో పచ్చవి, పచ్చవాటిలో నల్లవి కలగాపులగంగా ఉన్నాయి. ఆవిడ గిన్నెల్లో ఒక్కటి కూడా తప్పు లేదు. "వేగం నేర్పొచ్చు, ఇది నేర్పలేం" అని చేర్చుకున్నాడు. వేగం నేర్పొచ్చన్న మాట మాత్రం ఆయన రిటైరయ్యేదాకా నిజం కాలేదు.

ఆ రోజుల్లో చిప్పుకి ఒకటే కోరు. కోరు అంటే చిప్పులో లెక్కలు చేసే గుండెకాయలాంటి భాగం. ఆవిడ పనీ దానికి తగ్గట్టే ఉండేది. ఒక చిప్పుని గాడిలో కూర్చోబెట్టాలి, మూత వేయాలి, బటన్ నొక్కాలి. పచ్చ దీపం వెలిగితే ఇటు ట్రేలో, ఎర్ర దీపం వెలిగితే అటు ట్రేలో. ఆవిడ కోసమే కుట్టించినట్టున్న ఉద్యోగం.

ఏటేటా అదే చిప్పుల కుటుంబంలో కొత్తది వచ్చేది. ప్రతి కొత్తదీ పాతదానికన్నా వేగంగా పరిగెత్తేది, ప్రతి కొత్తదీ పాతదానికన్నా కాలేది. మొదట్లో చల్లబరచడానికి చిన్న లోహపు బిళ్ళ చాలేది. తర్వాత బొటనవేలంత ఫ్యాను, ఆ తర్వాత పిడికిలంత ఫ్యాను, చివరికి ఇటుకంత దిమ్మ. వానాకాలంలో ఆపరేటర్లు టెస్టింగ్ బల్లల దగ్గర చేతిరుమాళ్ళు ఆరేసుకునేవాళ్ళు. అవి ఎంత బాగా ఆరేవంటే, విప్పినా మడత పోయేది కాదు.

ఒకరోజు అందరినీ పిలిచి క్లాసు పెట్టారు. వచ్చిన పంతులు బోర్డు మీద ఒక గీత గీసి, "ఇంకా వేగం పెంచితే ఇది కంప్యూటర్ కాదు, ఇస్త్రీపెట్టె అవుతుంది. అందుకని పరిగెత్తేవాడిని ఇంకా తరమడం మానేసి, వాడి పక్కన ఇంకొకడిని పెట్టాం. ఇకమీదట చిప్పుకి రెండు కోర్లు" అన్నాడు.

ఆవిడ చెయ్యెత్తింది. "అంటే ప్రతి పనీ సగం టైములో అయిపోతుందాండీ?"

"అన్నీ అవవమ్మా. పంచుకోవడానికి వీలైన పనులే."

ఆ మాట సాయంత్రం ఇంటికెళ్ళి భర్తకి చెప్పింది. ఆయన సెలూను కట్టేసి వచ్చి కాళ్ళు చాపుకుని కూర్చున్నాడు.

"ఇద్దరుంటే పని సగం టైములో కాకపోవడమేంటోయ్? లెక్కల మాస్టారు నవ్విపోతాడు."

"మీరూ ఇంకొకరూ కలిసి ఒకే తలకి కటింగ్ చేస్తే సగం టైములో అవుతుందా?"

ఆయన తన చెవి తడుముకున్నాడు. "చెవులు పోతాయి" అన్నాడు.

"రెండు తలలుంటే?"

"అప్పుడవుతుంది."

"అదే పంతులు చెప్పింది" అని ఆవిడ టీ పెట్టడానికి లేచింది. మర్నాడు ఆ పోలిక మొత్తం ఆయనే కనిపెట్టినట్టు సెలూనులో పదిమందికి చెప్పాడు. ఆ పదిమందిలో ఎవరో ఫ్యాక్టరీలో చెప్పగా, తిరిగి తిరిగి అది పంతులు దగ్గరికే చేరింది. తర్వాతి క్లాసులో ఆయన బోర్డు మీద రెండు తలలు, రెండు కత్తెరలు గీశాడు.

రెండు కోర్ల తర్వాత నాలుగు కోర్లు వచ్చాయి. నాలుగింటికీ కలిపి చిప్పులోనే ఒక ఉమ్మడి అర ఉంటుందని, అస్తమానం కావలసినవి అందులో చేతికందేలా దాచుకుంటాయని చెప్పారు. ఉమ్మడి అర అనగానే ఆవిడకి పుట్టింట్లో నలుగురు అక్కచెల్లెళ్ళకీ కలిపి ఉన్న బీరువా గుర్తొచ్చింది. ఆవిడ నాలుగోది. ఆ ఇంట్లో ఏం జరిగినా నేరం నాలుగోదాని మీదే పడేది. దువ్వెన విరిగితే చిన్నది, రిబ్బను పోతే చిన్నది. ఒకసారి ఆవిడ జ్వరంతో ఆసుపత్రిలో ఉన్న రోజున పగిలిన గాజు జగ్గు కూడా ఆవిడ నెత్తినే పడింది.

అలాంటి మనిషికి నాలుగు కోర్ల చిప్పులు పరీక్షించే పని అప్పగించారు. దానికోసం ఒక కొత్త మిషను తెప్పించారు. అది చిప్పుని తనే పట్టుకుని, పైనుంచి ఒక చల్లటి లోహపు పలకతో అదిమిపెట్టి, ఒకటో కోరు మొదలుకొని నాలుగో కోరు దాకా వరసగా పరీక్షిస్తుంది. మిషను బిగించింది కొత్తగా వచ్చిన కుర్ర ఇంజనీరు. మెడలో రెండు కార్డులు, చేతిలో రెండు ఫోన్లు, ఎప్పుడు చూసినా సగం మెట్ల మీద పైకో కిందికో వెళుతూ కనిపించేవాడు.

మొదటివారంలోనే గొడవ మొదలైంది. ఒకటి పచ్చ, రెండు పచ్చ, మూడు పచ్చ, నాలుగు ఎరుపు. ఇంకో చిప్పు పెడితే మళ్ళీ అదే. నాలుగింట మూడు చిప్పులు అలాగే పోతున్నాయి. డిజైన్ చేసినవాళ్ళు ఎక్కడో దూరాన కూర్చుని గ్రాఫులు చూసి, నాలుగో కోరు నాజూకుగా పుట్టిందని తేల్చారు. మేనేజరు తల పట్టుకున్నాడు. చివరికి అందరూ కలిసి ఒక ఉపాయం ఆలోచించారు. పాడైన నాలుగో కోరుని శాశ్వతంగా నిద్రపుచ్చేసి, మూడు కోర్ల చిప్పు అని చెప్పే అమ్మేద్దామన్నారు. అందులో మోసమేమీ లేదు, ఉన్నది ఉన్నట్టు చెప్పడమే. "మూడు కోర్లు" అని చీటీలు చుట్టలు చుట్టలుగా అచ్చయి వచ్చేశాయి.

ఒక్కొక్కటమ్మకి మాత్రం ముద్ద దిగలేదు. ఇంజనీరు మెట్ల మీద దొరికితే పట్టుకుంది.

"సార్, ఎప్పుడూ నాలుగోదే ఎందుకు పోతోంది?"

"అది అంచున ఉంటుందమ్మా. అంచున ఉన్నవి కాస్త నాజూకు."

"ఒకటోది కూడా అంచునే కదండీ?"

ఇంజనీరు ఒక ఫోను చూశాడు, రెండో ఫోను చూశాడు. జవాబు రెండింటిలోనూ లేదు.

"వరసలో చివర టెస్టు చేసేది దాన్నే కదా. ఒకసారి ముందు దాన్నే చేసి చూస్తే?"

"వరస ప్రోగ్రాంలో రాసి ఉంటుంది. మార్చాలంటే మూడు సంతకాలు కావాలి. గ్రాఫులు చూసినవాళ్ళకి తెలీదంటారా? మీరు ట్రే మార్చండమ్మా" అని రెండేసి మెట్లు దిగి వెళ్ళిపోయాడు.

ఇంట్లో చెబితే భర్త పకపకా నవ్వాడు. "నాలుగోది కదా, పౌరుషం పొడుచుకొచ్చింది. చిప్పుకి కూడా చెల్లెలి వరసేనా?" పదేళ్ళ కూతురు మాత్రం నవ్వలేదు. నోటుబుక్కులో రాసిన పేజీలు చింపి, ఖాళీ పేజీలున్న మిగతా సగం తల్లికి ఇచ్చింది. "సైన్సు టీచరు ఏది చేసినా రాసుకోమంటుందమ్మా."

ప్రోగ్రాం జోలికి పోకుండానే ఒక దారి ఉందని ఆవిడకి తెలుసు. మిషను తెర మీద ఒక మూల, కోరిన కోరుని ఒక్కదాన్నే మళ్ళీ పరీక్షించే బటన్ ఉంది. ఎవరూ వాడరు, ఎందుకంటే ప్రతిసారీ చేత్తో నొక్కాలి. గడియారం గారిని అడిగింది. రిటైర్‌మెంట్‌కి ఆయనకింకా రెండు నెలలున్నాయి. "భోజనాల టైములో మిషను ఖాళీయే. కానీ త్వరగా కానివ్వు" అని, తనన్న మాటకి తనే నవ్వుకుని వెళ్ళాడు.

పోయినవని పక్కన పడేసిన ట్రేలోంచి, ఒక రోజంతా చల్లారిన చిప్పులు ఇరవై తీసుకుంది. ఒక్కొక్కదాంట్లో నాలుగో కోరుని మాత్రమే పరీక్షించింది. ఇరవైకి ఇరవై పచ్చదీపాలే. నోటుబుక్కులో రాసుకుంది. మర్నాడు అవే చిప్పులకి వరస తిరగేసింది. నాలుగు, మూడు, రెండు, ఒకటి. నాలుగు పచ్చ, మూడు పచ్చ, రెండు పచ్చ, ఒకటి ఎరుపు. ఇరవైలో పద్దెనిమిదింటికి ఒకటోది పోయింది. అయినా నమ్మకుండా మూడోరోజు మూడోదాన్ని చివర పెట్టింది. ఈసారి మూడోది పోయింది. భోజనం డబ్బా మూడురోజులూ మూత తీయకుండానే ఇంటికి తిరిగొచ్చింది. తోటి ఆపరేటర్లు, "ఒక్కొక్కటమ్మ నాలుగోదానికి వకాల్తా పుచ్చుకుంది" అని వేళాకోళం చేశారు. నవ్విన నాప చేనే పండుతుందన్న సంగతి వాళ్ళకి గుర్తురాలేదు.

నాలుగోరోజు నోటుబుక్కు ఇంజనీరు ముందు పెట్టింది. అతను నిలబడి చదవడం మొదలుపెట్టి, రెండో పేజీలో కూర్చున్నాడు. మూడో పేజీలో రెండు ఫోన్లూ బల్ల మీద పెట్టేశాడు. అతని చేతులు ఖాళీగా ఉండగా చూడటం ఫ్యాక్టరీలో అందరికీ అదే మొదటిసారి.

"చివర ఏది చేస్తే అది పోతోంది" అన్నాడు మెల్లగా. "కోరు తప్పు కాదు. చివరికొచ్చేసరికి చిప్పు వేడెక్కిపోతోంది. వేడి పైకి పోవట్లేదు."

ఇద్దరూ మిషను ఆపి మూత ఎత్తారు. చిప్పుని అదిమే చల్లటి పలక కిందికి వంగి చూశారు. అద్దంలా మెరుస్తోంది. ఆవిడ కళ్ళు చికిలించి చూసి, "బాబూ, ఆ మెరుపు పలకది కాదు" అంది. గోటితో అంచు గీరింది. సన్నటి పారదర్శకమైన ప్లాస్టిక్ పొర ఒకటి చర్రుమని లేచి చేతికొచ్చింది. కొత్త సామానుకి గీతలు పడకుండా అంటించి పంపిస్తారే, అది. దాని మూలన ఎర్రటి తోక, తోక మీద అక్షరాలు: వాడేముందు తీసేయండి.

ఇంజనీరు చెవులు ఆ తోకకన్నా ఎర్రబడ్డాయి. "నేనే బిగించానమ్మా" అన్నాడు.

ఆవిడకి నవ్వొచ్చింది, జాలి కూడా వేసింది. రెండూ ఒకేసారి చేతకాక ముందు జాలి పడింది. "మా ఇంట్లో ఫ్రిజ్ తలుపు మీద పొర రెండేళ్ళు తీయనివ్వలేదు మావారు. కొత్తగా ఉంటుందని. మీరు మర్చిపోయారంతే."

ఈలోగా మేనేజరు వచ్చాడు. విషయం విన్నాడు, పొర చూశాడు, మొహం చిట్లించాడు. "ఎవరండీ ఈ ఘనకార్యం చేసింది?"

"ముందు చిప్పులన్నీ మళ్ళీ టెస్టు చేద్దాం సార్. ఎవరన్నది తర్వాత చూద్దాం. ఒక్కొక్కటీ" అంది ఆవిడ.

కానీ ఇంజనీరు ముందుకొచ్చి, "నేనే సార్" అన్నాడు. మేనేజరు నోరు తెరిచాడు. మిషను సరిగ్గా బిగించారని ఒప్పుకుంటూ చేసిన మూడు సంతకాల్లో ఒకటి తనదేనని సరిగ్గా అప్పుడే గుర్తొచ్చి, ఆ తెరిచిన నోటితో "టీ తాగారా?" అని అడిగి వెళ్ళిపోయాడు.

పక్కన పడేసినవి రెండువేల పైచిలుకు చిప్పులు. మళ్ళీ పరీక్షిస్తే అరవై తప్ప అన్నీ నిక్షేపంలా ఉన్నాయి. ఆ అరవైలో నిజంగానే ఒక్కో కోరు చెడింది. కొన్నింట్లో ఒకటోది, కొన్నింట్లో మూడోది, నాలుగోవి పదమూడే. అవి మూడు కోర్ల చిప్పులుగా అమ్మకానికి వెళ్ళాయి. అరవై పోగా మిగిలిన చీటీలు ఫ్యాక్టరీ అంతటా తేలాయి. టీ ఫ్లాస్కు మీద, కుర్చీల వెనక, వాచ్‌మన్ టోపీ మీద, ఎక్కడ చూసినా "మూడు కోర్లు".

ఆ వారం ఆవిడ పెద్దక్కకి ఫోను చేసింది. "అక్కా, నాలుగోదాని తప్పు కాదని తేలింది" అని మొదలుపెట్టింది. చిప్పు సంగతి చెప్పేలోగానే అక్క అందుకుంది.

"నీకెవరు చెప్పారే?" అంది. "ఆ జగ్గు పగలగొట్టింది నేనేనని?"

ఒక్కొక్కటమ్మ ఫోను పట్టుకుని నవ్వడం మొదలుపెట్టింది. ఏడుస్తోందేమోనని అక్క కంగారుపడి, రిబ్బను సంగతీ దువ్వెన సంగతీ కూడా ఒప్పేసుకుంది.

ఫ్యాక్టరీ ఆవిడకి బహుమానంగా ఒక కంప్యూటర్ ఇచ్చింది. కూతురు డబ్బా విప్పి, లోపలి కాగితం చదివి, "ఇదేంటమ్మా, నాలుగోదాన్ని కాపాడింది నువ్వు, నీకేమో మూడు కోర్లది ఇచ్చారు?" అంది. ఆవిడ భుజాలెగరేసి, "ఆ అరవైలో ఒకటి. నేను స్వయంగా టెస్టు చేసిందే, గట్టిది" అంది గర్వంగా.

కాలం ఆగలేదు, కోర్లూ ఆగలేదు. ఆరు వచ్చాయి, ఎనిమిది వచ్చాయి. ఇంజనీరు పరీక్షల వరసని ప్రతిసారీ మారేలా రాశాడు. తర్వాత వచ్చిన మిషన్లు అసలు వరసే లేకుండా ఎనిమిదింటినీ ఒకేసారి పరిగెత్తించేవి. తెర మీద ఎనిమిది దీపాలు కలిసి మిణుకుమిణుకుమనేవి. ఒక్కొక్కటమ్మకి అది శిక్షలాగే ఉండేది. దేన్ని చూడాలో తెలియక మొదటిరోజు కళ్ళు తిరిగి కుర్చీలో కూలబడింది. రెండువారాలు తంటాలుపడ్డాక ఒక కిటుకు దొరికింది. అన్నీ చూడక్కర్లేదు, అన్నింటికన్నా ఆలస్యంగా వెలిగేది ఏదో అది చూస్తే చాలు. చెడబోయేది ముందు వెనకబడుతుంది. కొత్త ఆపరేటర్లకి ఇప్పుడు అదే నేర్పుతున్నారు, పుస్తకంలో ఆవిడ పేరు లేకుండా.

నిరుడు ఫోన్లలో పెట్టే ఇంకో రకం వచ్చింది. ఒకే చిప్పులో నాలుగు పెద్ద కోర్లు, నాలుగు చిన్న కోర్లు. బరువు పనులకి పెద్దవి లేస్తాయి. చిల్లర పనులు చిన్నవి తక్కువ కరెంటుతో చేసుకుపోతాయి. ఆ చిన్నవాటిని పరీక్షించడం మహా నిదానం. అవి అతి తక్కువ కరెంటుతో ఎంతసేపు నిలబడతాయో గంటలకొద్దీ చూడాలి. ఆ బల్ల దగ్గర కూర్చోవడానికి ఎవరూ ఒప్పుకోలేదు. ఒక్కొక్కటమ్మ తనే అడిగి వెళ్ళి కూర్చుంది. ఇంజనీరు ఇప్పుడు మేనేజరు. జుట్టు పల్చబడింది, ఫోను ఒకటే. అప్పుడప్పుడు ఆ బల్ల దగ్గర ఆగుతాడు.

"చిన్నవే కదమ్మా, వీటికింత జాగ్రత్త అక్కర్లేదేమో. పెద్దవాటిని చూసేందుకు రండి, అక్కడ మనిషి కావాలి" అన్నాడు మొన్న.

"పెద్దవి పని పడితే లేస్తాయి, అవగానే పడుకుంటాయి. ఫోను జేబులో ఉన్నంతసేపూ మెలకువగా ఉండేవి ఇవే కదా బాబూ" అని, ఆవిడ తెర మీంచి కళ్ళు తిప్పకుండా చెయ్యి మాత్రం చాపింది. "ఆ ట్రే ఇటివ్వండి. పదిహేడోది అయింది."

అతను ట్రే అందించి, కుర్చీ లాక్కుని పద్దెనిమిదోది అయ్యేదాకా కూర్చున్నాడు.